గొడ్డలాట

మొన్న ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. కొత్తగా ఉద్యోగం వచ్చిన టీచరు. నేను ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన బడికే ఆమెను వేశారు. చాయ్ కప్పు చేతికిచ్చానో లేదో, ఆగలేక అడిగేసింది.

“మేడం, మా పిల్లలు ఫోన్లల్ల సినిమా ఫైట్లు చూసి అచ్చం గట్లనే కొట్టుకుంటున్నరు. తిట్టినా ఇంటలేరు. మీరుంటే ఏం జేసెటోళ్ళు?”

నేనుంటే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. ఉన్నాను, చేశాను, అదేదీ పనిచేయలేదు. చివరికి పనిచేసిందేదో దాన్ని నేను వరండాలో నిలబడి చూశానంతే. ఆ అమ్మాయికి చెప్పిన సంగతే బడుల్లోకి కొత్తగా వస్తున్న మీకూ చెబుతాను. దీన్ని పాఠ్యప్రణాళికలో ఎక్కడ ఇరికించాలో మాత్రం నన్నడగకండి.

మా బడి దబీర్‌పురా వైపు ఒక ఇరుకు గల్లీలో ఉండేది. ఎవరో నవాబుల నాటి పెద్ద భవంతి, దేవిడీ అంటారు, దాంట్లో సగం భాగం. మధ్యలో బండలు పరిచిన వాకిలి, ఒక మూల నల్లా, ఇంకో మూల మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డు. వెనక పట్టాల మీద రైలు వచ్చినప్పుడల్లా ఎక్కాలు ఆపి, అది పోయాక ఆపిన చోటినుంచి ఎత్తుకునేవాళ్ళం. బేగంబజార్‌లో మూటలు మోసే హమాలీల పిల్లలు, బర్రెలు పెట్టుకుని పాలు పోసేవాళ్ళ పిల్లలు, దర్జీల పిల్లలు, మున్సిపాలిటీలో పనిచేసేవాళ్ళ పిల్లలు మా దగ్గర చదివేవారు. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, బళ్ళో రెండూ.

నేను చెబుతున్న ఏడు ఒక సినిమా వచ్చింది. పేరు అనవసరం, అలాంటివి వస్తూనే ఉంటాయి. హీరో చేతిలో గొడ్డలి. మొదటి నుంచి చివరి దాకా నరుకుతూనే ఉంటాడు. పెద్దవాళ్ళు మాత్రమే చూడాలని ముద్ర వేసి మరీ వదిలారు. మా నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లల్ని ఏ థియేటరువాళ్ళూ లోపలికి రానివ్వకూడదు. రానిచ్చారో లేదో తెలియదు కానీ వారం తిరిగేసరికి అందరికీ సినిమా మొత్తం వచ్చేసింది. ఎవరి అన్న ఫోన్లోనో ఒక ముక్క, ఎవరి బాబాయి ఫోన్లోనో ఇంకో ముక్క. ఇంట్లో టీవీ కూడా లేని పిల్లలు హీరో నడక నడిచేవాళ్ళు.

ఆ ఆటకు వాళ్ళే పేరు పెట్టారు, గొడ్డలాట అని. నేను మొదటిసారి చూసినప్పుడు తిట్టడం మరిచిపోయి నిలబడిపోయాను. దెబ్బ తిన్నవాడు వెంటనే పడడు. సినిమాలో లాగా మెల్లగా, గాలిలో ఆగి ఆగి పడుతున్నట్టు ఒళ్ళు వంచుతాడు. నేలకు తగిలాక రెండు చేతుల వేళ్ళూ మెల్లగా విప్పుతాడు. అదేమిట్రా అంటే, “దుమ్ము లేసుడు టీచర్” అన్నాడు. గొడ్డలి దిగిన చప్పుడు నోటితో చేయడానికి ఒకడు ప్రత్యేకంగా ఉండేవాడు, వాడికి వేరే పని లేదు. నాలుగు పాదాల పద్యం నెలంతా చెప్పినా రెండో పాదం దగ్గర ఆగిపోయే పిల్లలు వీళ్ళే. ఎవరూ నేర్పకుండా, ఎవరూ పరీక్ష పెట్టకుండా, ఇంత ఎలా నేర్చుకున్నారు? నాకు నిజంగా దిమ్మతిరిగింది.

మా లెక్కల సారు మొదటి రోజు మొదటి ఆటకే వెళ్ళి వచ్చిన మనిషి. పిల్లలు డైలాగు తప్పు చెబితే వరండాలోంచి సరిదిద్దేవాడు. ఆయన మంచివాడే. ఆ మాటకొస్తే మాలో ఎవరం చెడ్డవాళ్ళం కాదు.

హీరో వేషం ఎప్పుడూ ఒక హమాలీ కొడుకుదే. వయసుకు మించిన పొడవు, గొంతు ఖంగుమంటుంది, డైలాగులన్నీ వాడికి కంఠతా వచ్చు. అందరికంటే ముందు చచ్చేది పాలవాళ్ళ పిల్లవాడు. చిన్న ఒళ్ళు, నోట్లో మాట ఉండదు. బర్రెల వాసన వస్తోందని పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఆటలో చావడానికి మాత్రం పిలిచేవాళ్ళు. ఒకరోజు వాడు ఇంట్లో చేసిన కోవా కాగితంలో కట్టి తెచ్చి హమాలీ కొడుక్కి ఇచ్చాడు. బదులుగా ఆ ఒక్క పూట హీరో వేషం అడిగాడు. కోవా తిన్నవాడు సరేనన్నాడు.

వారాల తరబడి ఎదురుచూసిన వేషం. ఆ రోజుల్లో గొడ్డలి అంటే స్టీలు స్కేలు. రౌడీగా ఎదురొచ్చిన హమాలీ కొడుకు మీదికి వాడు ఎగిరి ఒక్క వేటు వేశాడు. రోజూ ఆటలో చెయ్యి ఎక్కడ ఆపాలో అందరికీ తెలుసు. వాడికి ఆ అలవాటు లేదు, ఎప్పుడూ చచ్చినవాడే కదా. స్కేలు అంచు కనుబొమ్మ పైన దిగింది.

నేనే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాను. నా కొంగు అదిమిపట్టినా రక్తం ఆగడం లేదు. వాడు ఏడవలేదు. “టీచర్, ఒక్క ఫోటో తియ్యుర్రి. మల్ల రక్తం పోతది,” అన్నాడు. కుట్లు వేసేటప్పుడు మాత్రం అమ్మా అని అరిచాడు.

మర్నాడు హెడ్‌మాస్టరు గదిలో పంచాయితీ. హమాలీ వచ్చాడు, వెంట అతని బామ్మర్ది. అంటే దెబ్బ తగిలిన పిల్లవాడి మేనమామ. ఆ హీరో గడ్డమే పెంచాడు, అదే రంగు చొక్కా. పాలాయన కొడుకును వెనక దాచుకుని గోడకు ఆనుకున్నాడు. ఆయన ఎంత నెమ్మది మనిషంటే మా గల్లీలో బర్రెతో కూడా ‘జరుగమ్మా’ అంటాడు.

మేనమామ ముందుకొచ్చి, తల కాస్త పక్కకు వంచి, గొంతు మార్చి అన్నాడు.

“నేను నరుకుడు మొదలువెడితే లెక్కవెట్టెటోడు అలిసిపోతడు.”

పాలాయన వణికిపోతాడనుకున్నాను. వణకలేదు. చొక్కా చేతులు రెండు మడతలు పైకి తోసి, నేనెప్పుడూ వినని గొంతుతో, “లెక్కలు నాకు రావు. కాటికి పంపుడే వస్తది,” అన్నాడు.

లెక్కల సారు నా చెవి దగ్గర గొణిగాడు. “అది విలన్ జవాబు మేడం. అక్షరం గూడ తప్పలేదు.”

నేను పిల్లల వైపు చూశాను. ఒకడు నుదుటికి పట్టీతో తండ్రి పక్కన, ఇంకొకడు తండ్రి వీపు వెనక. ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి. పెద్దవాళ్ళు అంటున్న ఆ రెండు మాటలే చప్పుడు లేకుండా ఇద్దరూ కలిసి చెబుతున్నారు. దెబ్బ కొట్టినవాడూ తిన్నవాడూ ఒకే పాఠం అప్పజెబుతున్నట్టు. ఎక్కడో ఒక గదిలో ఎవరో కూర్చుని రాసిన మాటలు మా గల్లీ దాకా వచ్చి, నలుగురి నోళ్ళలో దూరి, భుజాలు కూడా పైకి లేపుతున్నాయి. భయం వేసింది, కాదనను. భయం కంటే ముందు నోరు తెరుచుకుపోయింది.

“ఇది బడా, థియేటరా?” అని హెడ్‌మాస్టరు బల్ల మీద చరిచాడు. దాంతో అందరూ నిద్రలోంచి లేచినట్టు మళ్ళీ మామూలు మనుషులయ్యారు. హమాలీ తల పట్టుకుని, “సార్, ఆ పోరనికి టీసీ ఇచ్చి పంపుర్రి. లేకుంటె మా బామ్మర్ది ఊకోడు. రేపేమన్న లొల్లి అయితే నాతోని గాదు,” అన్నాడు. హెడ్‌మాస్టరు ఒప్పుకున్నాడు. సోమవారం వచ్చి టీసీ తీసుకుపొమ్మని పాలాయనకు చెప్పాడు. నేను అడ్డుపడితే, “గేటు కాడ కత్తి దిగితె జవాబు మీరు చెప్తరా మేడం?” అన్నాడు. చెప్పలేను. ఊరుకున్నాను.

ఆ తర్వాత మేం చేసిన ఘనకార్యాలు వినండి. ప్రార్థనలో గొడ్డలాట నిషేధించాం. స్టీలు స్కేళ్ళన్నీ గుంజుకుని బీరువాలో పెట్టాం. పిల్లలు ఉత్త చేతుల్లో లేని గొడ్డలి పట్టుకుని ఆడసాగారు. అరుపులు వద్దన్నాం. చప్పుడు లేకుండా ఆడసాగారు. అరుపుల ఆట కంటే ఆ మూగ ఆట ఎక్కువ భయపెట్టేది. వంటామె ఒకరోజు సాంబారు గిన్నె దించి, “టీచరమ్మా, ఆ పోరగాండ్లు సప్పుడు జేయకుంట ఒకన్నొకడు నరుక్కుంటున్నరు, నాకు గుండె దడదడంటుంది,” అంది.

సోమవారం వచ్చింది. పాలవాళ్ళ పిల్లవాడు సంచితో వచ్చాడు. టీసీ ఇచ్చేస్తారని వాడికీ తెలుసు. అన్నం తిని, పళ్ళెం కడిగి, నల్లా దగ్గరే కూర్చున్నాడు. వాణ్ని ఎవరూ ఆటకు పిలవడం లేదు. హమాలీ కొడుకు పట్టీ తీసేశారు. కనుబొమ్మ పైన గీత పడింది, హీరోకున్నట్టే. వాడి దర్జా చూడాలి.

నేనూ లెక్కల సారూ వరండాలో నిలబడ్డాం. ఆట మొదలైంది. అప్పుడు ఒక దర్జీ కూతురు, ఐదో తరగతి పిల్ల, తొక్కుడుబిళ్ళ వదిలేసి మగపిల్లల మధ్యకు వచ్చింది. క్షణం ఊరుకోలేని పిల్ల, బక్కది.

“నాకు గూడ ఒక వేషం ఇయ్యుర్రి.”

“ఆడివిల్లలకు ఫైట్ల ఏముంటది? హీరోయిన్‌వి కా. పక్కకు నిలవడి అరుస్తుండు,” అన్నాడు హమాలీ కొడుకు.

“అరుసుడు నాకొద్దు. నేను రౌడీనైత.”

వాళ్ళకు రౌడీలు ఎప్పుడూ తక్కువే, సరేనన్నారు. లేని గొడ్డలి దిగింది. ఆమెకు గాలిలో ఆగి పడటం రాదు. దబ్బున పడింది, మోచెయ్యి గీరుకుంది, కళ్ళు మూసుకుంది. ఆట నియమం ప్రకారం చచ్చినవాళ్ళు లేచి మళ్ళీ రావాలి. ఆమె లేవలేదు.

“లేవవే. మల్ల సావాలె.”

“సచ్చిన గద. ఎట్ల లేస్త?”

“ఉత్తగ సచ్చినవ్ గంతె.”

“ఉత్తగెట్ల సస్తరు? మా ఇంటోళ్ళకు ఎవరన్న చెప్పిన్రా మల్ల?” కళ్ళు తెరవకుండానే అడిగింది.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ సంగతి సినిమాలో లేదు. రౌడీల్లో ఒకడికి ఏమనిపించిందో, “నేను చెప్పొస్త,” అని తొక్కుడుబిళ్ళ ఆడుతున్న వాళ్ళ దగ్గరికి పరుగెత్తాడు. ఒంటికాలి మీద నిలబడ్డ ఒక పిల్లతో, “నీ కొడుకు సచ్చిండంట,” అన్నాడు.

ఆ పిల్ల కాలు దించింది. ఎవరని అడగలేదు. ఆటా నిజమా అని అడగలేదు. చేతిలో బిళ్ళ వదిలేసి పరుగెత్తుకొచ్చి, పడి ఉన్నదాని పక్కన కూలబడి, రాగం ఎత్తుకుంది.

“నా కొడుకా... పొద్దుగాల అన్నం గూడ తినకపోతివి కొడుకా... వొద్దంటె ఇనకపోతివి కొడుకా...”

తొమ్మిదో పదో ఏళ్ళు ఉంటాయి ఆ పిల్లకు. ఆ గొంతులో గల్లీలోని ముసలమ్మలందరూ ఉన్నారు.

“ఇంక గట్టిగ ఏడు. వాడకట్టంత ఇనవడాలె,” అంది చచ్చిపోయిన పిల్ల.

“సచ్చినోళ్ళు మాట్లాడొద్దు!”

“నేను చెప్పకుంటె మీకెట్ల తెలుస్తది?”

ఇక దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. ఒకామె పెళ్ళాం అయింది, ఒకామె చెల్లె అయింది. ఒకడు పోలీసయ్యి పేరడిగాడు. ఇద్దరు అన్నం పళ్ళేలు బోర్లించి డప్పు మొదలుపెట్టారు, మా దిక్కు సావు డప్పు, తప్పకుండా అదే దరువు. గొడ్డలి చప్పుడు చేసే పిల్లవాడు అంబులెన్సు అయ్యాడు. భోజనాలకు పరిచే పాత దరీ లాక్కొచ్చి దర్జీ కూతుర్ని దాని మీదికి దొర్లించారు. వంటామె షెడ్డు గడపలో చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హీరో ఒక్కడే గొడ్డలి పట్టుకున్న చేతితో వాకిలి మధ్యలో మిగిలాడు.

“నేనేం జెయ్యాలె?” అన్నాడు. ఎవరూ వినలేదు. మళ్ళీ అడిగాడు.

“నువ్వు గాడ్నే ఉండు. సంపినోడు మొయ్యొద్దు,” అంది దరీ మీది పిల్ల.

దరీకి నాలుగు మూలలు. మోసేవాళ్ళు ముగ్గురే ఉన్నారు. అందరి చూపూ నల్లా వైపు తిరిగింది. పాలవాళ్ళ పిల్లవాడు తడిచేతులు నిక్కరుకు తుడుచుకుంటూ లేచాడు. వాణ్ని రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. వచ్చి నాలుగో మూల పట్టుకున్నాడు.

శవం లేచింది. నాలుగడుగులు వేయగానే ఇంకొక పిల్లవాడు వచ్చి ఒక మూల అందుకున్నాడు, మొదటివాడు పక్కకు తప్పుకున్నాడు. ఇంకాస్త దూరం పోయాక ఇంకొకడు. మా గల్లీల్లో జనాజా, అంటే ముస్లింల శవయాత్ర, పోతుంటే దారిన పోయేవాళ్ళు కూడా వచ్చి భుజం మార్చుకుంటూ నాలుగడుగులు మోస్తారు. పిల్లలు అది చూశారు. డప్పేమో ఒకరి చావుది, భుజం మార్చుకోవడం ఇంకొకరి చావుది. రెండూ కలిపి వాళ్ళు ఒకటి చేశారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు.

ఊరేగింపు హీరో ముందుకొచ్చి ఆగింది. తల్లి వేషం పిల్ల వాడి ఎదుట నిలబడింది.

“ఎందుకు సంపినవ్ రా నా కొడుకును?”

సినిమాలోని డైలాగులన్నీ వచ్చిన పిల్లవాడు. నోరు తెరిచాడు, మూశాడు. కనుబొమ్మ పైన కొత్త గీత ఎర్రబడింది. డప్పు కూడా ఆగింది.

“సినిమాల గట్లనే ఉన్నది,” అన్నాడు మెల్లగా.

“సినిమాల నేను లేనా?”

వాడు నిజాయితీగా ఆలోచించాడు. సినిమా అంతా మొదటినుంచి గుర్తు తెచ్చుకుంటున్నట్టు వాడి కళ్ళు కదిలాయి.

“లేవు.”

ఆ పిల్లకు కూడా తర్వాతేం చేయాలో తెలియలేదు. ముక్కు తుడుచుకుని, “అయితె పా. మొయ్యి,” అంది.

వాడు గోడ దాకా పోయి వంగాడు. చేతిలో లేని గొడ్డలిని గోడ పక్కన మెల్లగా, తగిలితే తెగుతుందన్నంత జాగ్రత్తగా పెట్టాడు. పోయి, పాలవాళ్ళ పిల్లవాడు పట్టుకున్న మూలనే పట్టుకున్నాడు. వాడు జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ ఒకే మూల మోశారు. వెనక వస్తున్న పిల్లలు గోడ దగ్గరికి రాగానే పక్కకు జరిగి నడిచారు, ఆ లేని గొడ్డలిని తొక్కకుండా. ఒట్టు, నాకు కూడా ఆ గొడ్డలి కనిపించింది.

అప్పుడే ఆ ఏడుపులకు హెడ్‌మాస్టరు గదిలోంచి దూసుకొచ్చాడు. “బడిల ఏంది ఈ...” అన్నంత వరకూ అన్నాడు. శవం ఎదురొచ్చింది. ఆయన చెప్పులు వదిలేసి, పక్కకు తప్పుకుని, రెండు చేతులూ జోడించాడు. కావాలని చేయలేదు, ఒంటికి అలవాటైన పని ఒళ్ళే చేసింది. గేటు దగ్గర టీసీ కోసం వచ్చిన పాలాయన సైకిలు స్టాండు వేసి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొడుకునే చూస్తున్నాడు.

“దించుర్రి. ఆకలైతుంది నాకు,” అని శవం లేచి కూర్చుంది. పిల్లలు గొల్లుమని నవ్వారు. గంట కొట్టారు.

పాలాయన దగ్గరికొచ్చాడు. “సారూ, టీసీ ఇస్తనంటిరి...”

“ఇయ్యాల వద్దు,” అన్నాడు హెడ్‌మాస్టరు, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. “శవం లేసిన పూట టీసీలేంది?”

“ఎవరి శవం సార్?” అన్నాడు లెక్కల సారు. హెడ్‌మాస్టరు ఆయన వైపు కొరకొరా చూసి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ టీసీ తర్వాత కూడా ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. మేనమామ మర్నాడు సాయంత్రం గేటు దగ్గరికి బండి మీద వచ్చాడు. ఇద్దరు పిల్లలూ ఒకే కాగితంలో కోవా తింటున్నారు. కాసేపు చూసి బండి తిప్పుకుని పోయాడు. హమాలీ నాతో, “పోరగాండ్లే కలిసి తింటున్నరు, ఇగ నడుమ మనకేంది ఫికర్ టీచరమ్మా,” అన్నాడు.

ఆ సోమవారం సాయంత్రం ఇంటికి పోతూ లెక్కల సారు అఫ్జల్‌గంజ్ బస్టాపు దాకా నాతో నడిచాడు. దారిలో అన్నాడు. “ఆ సినిమా నేను మల్ల మల్ల చూసిన మేడం. సచ్చినోళ్ళల్ల ఒక్కని మొఖం గూడ యాదికి లేదు.”

ఇది ఇక్కడే ఆపితే మీకు అబద్ధం చెప్పినట్టు అవుతుంది. పిల్లలు కొన్నాళ్ళు రోజూ శవయాత్ర చేశారు. తల్లులు వచ్చి, “చదువుకోమని పంపితె పాడె మోపిస్తున్నరా?” అని మా మీద విరుచుకుపడ్డారు. హెడ్‌మాస్టరు దాన్ని కూడా నిషేధించాడు. తర్వాత ఇంకో సినిమా వచ్చింది. ఈసారి తుపాకులు. మళ్ళీ అదే మెల్లగా పడటం, అదే దుమ్ము. నేను తల పట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక కొత్త పిల్లవాడు మా బళ్ళో చేరాడు. కొత్తవాడు కాబట్టి రౌడీ వేషం ఇచ్చారు. ఎదురుగా హమాలీ కొడుకు, వేలితో తుపాకి.

“నేనెప్పుడు సావాలె?” అన్నాడు కొత్తవాడు.

“ఆగు,” అన్నాడు హమాలీ కొడుకు. “ముందుగాల నీకు అమ్మ ఎవరో చెప్పు.”

“రౌడీకి అమ్మేంది?”

తుపాకులన్నీ కిందికి దించి, అదే ఆట నియమమన్నట్టు అందరూ ఓపిగ్గా నిలబడ్డారు. కొత్తవాడు అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ ఆడపిల్లల్లో ఒకామెను చూపించాడు. ఆమె ఆట వదిలేసి వచ్చింది. వాణ్ని పైనుంచి కిందికి చూసి, ఊడిన చొక్కా గుండీ పెట్టింది.

“అన్నం తిన్నవారా?” అంది.

వాడు తిన్నానని తలూపాడు. హమాలీ కొడుకు తుపాకి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది.